మంచు వాలు మీద మొహమాటం వద్దు

పోయిన నెల ఈ శీర్షికలో చలికాలం ట్రెక్కులకి వేసుకోవాల్సిన బూట్లు, బట్టల గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బట్టల ఊసే లేదు, అన్నీ మంచుచరియల మీద ప్రశ్నలే. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే ఇస్తున్నాను. ముందు మాట విషయం తేల్చుకుందాం. మన భాషలో పొద్దున గడ్డి మీద మెరిసే చుక్కలూ మంచే, రోడ్డు కనపడనివ్వని పొగా మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. పేపర్లో హిమపాతం అని చూసినా కురిసిందో, విరిగిపడిందో లోపలికెళ్లి చదివితే గానీ తెలీదు. ఇక్కడ నేను మంచుచరియ అన్నప్పుడల్లా కొండ వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా విడిపోయి కిందికి దూసుకురావడం అని అర్థం, అందరూ అవలాంచ్ అనేది దాన్నే.

ప్రశ్న: ఆఫీసు ఫ్రెండ్స్ ఆరుగురం జనవరిలో కేదార్‌కంఠ ట్రెక్ బుక్ చేసుకున్నాం. ట్రెక్ కంపెనీ వాళ్లు "ఇది బిగినర్స్ ట్రెక్ మేడమ్, ఏ భయం లేదు" అంటున్నారు. మా నాన్నగారు ఉత్తరాఖండ్ వార్తలు చూసి వద్దే వద్దంటున్నారు. గైడ్ ఎలాగూ ఉంటాడు కదా, మేం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మీ నాన్నగారి భయంలో అర్థం ఉంది. అలాగని ట్రెక్ మానేయమని నేను అనను. ఆయన చూసిన వార్తలు ఏవో నేను ఊహించగలను. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపదీ కా డాండా-2 అనే 5,670 మీటర్ల శిఖరం మీద, పర్వతారోహణ శిక్షణలో ఉన్న బృందం మంచుచరియలో చిక్కుకుంది. 27 మంది చనిపోయారు, వాళ్లలో ఎవరెస్ట్ ఎక్కిన ఇన్‌స్ట్రక్టర్ కూడా ఉన్నారు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైన మాణా దగ్గర రోడ్డు పనివాళ్ల క్యాంపు మీద ఇంకొకటి పడింది, 54 మందిలో 46 మందిని బతికించి బయటికి తీశారు, 8 మంది పోయారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటివాళ్లు శిక్షణ ఉన్నవాళ్లు, ఏటవాలు మంచు మీద ఎక్కుతున్నారు. రెండోవాళ్లు ఏ కొండా ఎక్కట్లేదు, తమ క్యాంపులో తాము ఉన్నారు, పై వాలు నుంచి జారి వాళ్ల మీదకొచ్చింది. అందుకే "ఇది బిగినర్స్ ట్రెక్కా కాదా" అనే ప్రశ్నతో మనకేమీ తెలీదు. నా కాళ్ల కింద వాలు ఎంత, నా తల పైన వాలు ఎంత అన్నది అడగాలి.

వాలు ఎంతంటే, 30 నుంచి 45 డిగ్రీల మధ్య. పలకలా విడిపోయే మంచుచరియలు దాదాపు అన్నీ ఈ మధ్యలోనే పుడతాయి. అంతకన్నా తక్కువ వాలు మీద మంచు మామూలుగా జారదు, మరీ నిట్టనిలువుగా ఉంటే పేరుకునే లోపే కొంచెం కొంచెంగా రాలిపోతుంటుంది. 30 డిగ్రీలంటే ఎంతో తెలియాలంటే మీ మేడ మెట్ల కింద నిలబడి పక్క నుంచి చూడండి, చాలా ఇళ్లలో మెట్లు 30, 35 డిగ్రీల వాలుతోనే కడతారు. కొండ మీద చూస్తే అది పెద్ద వాలుగా అనిపించదు, "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఫోన్‌లో వాలు కొలిచే లెవెల్ యాప్ పెట్టుకొని, చేతికర్రని మంచు మీద వాలు వెంబడి పడుకోబెట్టి, దాని మీద ఫోన్ ఆనిస్తే డిగ్రీలు తెలిసిపోతాయి. ఇంట్లో మెట్ల మీద రెండుసార్లు చేసి చూసుకోండి, కన్ను అలవాటు పడుతుంది.

ఇక కేదార్‌కంఠ సంగతి. సాంక్రీ నుంచి మొదలయ్యే ఈ దారి ఎక్కువ భాగం అడవిలోనే ఉంటుంది, శిఖరం సుమారు 12,500 అడుగులు. దట్టమైన అడవి మంచుని పట్టి ఉంచుతుంది కాబట్టి మిగతా చలికాలం ట్రెక్కులతో పోలిస్తే ఇది నయమే. కానీ చెట్లు అయిపోయాక పైన తెరిపి వాలు వస్తుంది, అక్కడ లెక్క మారుతుంది. అడవిలో కూడా ఒకటి గమనించండి: చుట్టూ పెద్ద చెట్లుండి, మధ్యలో పై నుంచి కింద దాకా రోడ్డు వేసినట్టు ఖాళీగా ఉన్నా, అక్కడ చిన్న మొక్కలే ఉన్నా, చెట్లకి పై వైపు కొమ్మలు విరిగి కింది వైపు కొమ్మలే మిగిలినా, అది మంచుచరియ నడిచిన దారి. అక్కడ ఫోటోకి ఆగకూడదు, టీ తాగడానికి కూర్చోకూడదు, ఒక్కొక్కరే గబగబా దాటేయాలి.

గైడ్‌ని మూడు అడగండి. గత రెండు రోజుల్లో ఎంత మంచు పడింది? గాలి ఎటు నుంచి ఎటు కొట్టింది? డీజీఆర్‌ఈ బులెటిన్ ఏమంది? ఇది డీఆర్‌డీవో కింద చండీగఢ్‌లో ఉన్న సంస్థ, ఇదివరకు సాసే అనేవాళ్లు. ఉత్తరాఖండ్, హిమాచల్, కశ్మీర్ వైపు చలికాలమంతా మంచుచరియల హెచ్చరికలు ఇచ్చేది వీళ్లే. వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వచ్చే చలికాలపు తుఫాను) వచ్చి రెండు రోజులు మంచు దంచి కొట్టి, మూడో రోజు ఆకాశం నీలంగా మెరిసిపోతుంటే అందరికీ బయల్దేరాలని ఉంటుంది, కానీ పెద్ద మంచు పడ్డాక మొదటి 24 నుంచి 48 గంటలే అన్నిటికన్నా చెడ్డవి. అడిగితే గైడ్ చక్కగా చెప్పాడా, మంచి మనిషి. విసుక్కున్నాడా, అతని వెనక తెరిపి వాలు మీదికి వెళ్లకండి.

గైడ్ ఉన్నాడు కదా అన్నారు, అందుకే నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద మనాలి పైన తొమ్మిది మందిమి ఒక గైడ్ వెనక వెళ్తున్నాం. ముందు రోజు రాత్రి మోకాలి లోతు మంచు పడింది. పొద్దున ఒక చిన్న గిన్నెలాంటి వాలు అడ్డంగా దాటుతుంటే కాళ్ల కింద "వుమ్ఫ్" మని శబ్దం, బియ్యం బస్తాని మట్టి అరుగు మీద దబ్బున పడేస్తే వస్తుందే, అలాంటిది. ఆ శబ్దంతోపాటు మేం నిల్చున్న మంచు మొత్తం ఒక అంగుళం కిందికి దిగింది, నా బూటు ముందు నుంచి సన్నటి పగులు ఒకటి జరజరా పదడుగులు పాకింది. గైడ్ వెనక్కి తిరిగి "కుఛ్ నహీ, చలో" అన్నాడు. అది ఏమిటో నాకు తెలుసు, కోర్సులో చెప్పారు. పై మంచు పలక కింద ఉన్న బలహీనమైన పొర కుప్పకూలితే వచ్చే శబ్దం అది, ఆ వాలు ఇంకో నాలుగు డిగ్రీలు ఎక్కువుంటే మేమందరం కిందికి పోయేవాళ్లం. తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. తొమ్మిది మంది డబ్బు కట్టారు, గైడ్ పెద్దవాడు, నేనెవర్ని ఆపడానికి అనుకున్నాను. మా వెనకున్న ఒకమ్మాయి, అంతకుముందు ఎప్పుడూ మంచు చూడని అమ్మాయి, "నాకు భయంగా ఉంది, నేను రాను" అని అక్కడే నిలబడిపోయింది. ఆ అమ్మాయి వల్లే వెనక్కి తిరిగాం. ఆ పూట నేను మూసుకున్న నోరు నన్నింకా బాధపెడుతూనే ఉంటుంది.

ప్రశ్న: మంచు కొండల్లో గట్టిగా అరిస్తే మంచు విరిగిపడుతుందట, నిజమేనా?
– ఇంటర్ విద్యార్థి, తణుకు

జవాబు: సినిమాల్లో నిజం. మనిషి గొంతుకి అంత బలం లేదు. మంచు పలక విడిపోవాలంటే దాని మీద బరువు పడాలి: కొత్తగా కురిసిన మంచు బరువు, వాన, గాలి తెచ్చి పోసిన మంచు, కొండ అంచు నుంచి చూరులా బయటికి వేలాడుతూ విరిగిపడ్డ ముక్క, లేదా ఒక మనిషి. ప్రాణాలు తీసిన మంచుచరియల్ని పరిశీలిస్తే పదిలో తొమ్మిదింటిని కదిలించింది అందులో చిక్కుకున్న మనిషో, అతని తోటివాళ్లో. వినడానికి బాధగా ఉన్నా నాకు ధైర్యం ఇచ్చే మాట ఇదే, ఎందుకంటే అడుగు వేయడం మన చేతిలో ఉంది.

అన్నీ అలా కాదనుకో. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్ (పగుళ్లతో నిండిన, ఏటవాలుగా దిగే హిమనది) దగ్గర, పైన వేలాడుతున్న హిమఖండం విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు పోయారు. దాన్ని ఎవరూ కదిలించలేదు, అది ఎప్పుడు పడాలో అప్పుడు పడింది.  ఇలాంటి హిమఖండాల కింద చేయగలిగింది ఒక్కటే, ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది.

ప్రశ్న: మేం సియాటిల్ దగ్గర బోథెల్‌లో ఉంటాం. మా వాట్సాప్ గ్రూపులో పద్నాలుగు మందిమి, ఇద్దరు పిల్లలతో సహా, వచ్చే శనివారం స్నోషూలు అద్దెకి తీసుకొని స్నో లేక్‌కి వెళ్దాం అనుకుంటున్నాం. ఎండాకాలంలో నాలుగుసార్లు వెళ్లిన దారే. ఫోర్‌కాస్ట్‌లో డేంజర్ 5కి 3 అని ఉంది. అంటే సగమే కదా, పర్లేదా?
– ఒక పాఠకుడు, బోథెల్

జవాబు: తమ్ముడూ, దయచేసి వెళ్లకండి. ముందే చెప్పేస్తున్నాను, కారణాలు తర్వాత.

మొదటిది, ఎండాకాలం దారి వేరు, చలికాలం దారి వేరు. స్నో లేక్ ట్రెయిల్ ఎండల్లో పిల్లలు పరిగెత్తే దారే, కానీ మంచు పడ్డాక అది పైన ఉన్న ఏటవాలుల కింద నుంచి, ఒకటి తర్వాత ఒకటి మంచుచరియల దారుల్ని అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది. ఐ-90 హైవే పక్కనే ఉన్న గ్రానైట్ మౌంటెన్ కూడా అంతే, ఎండాకాలం ట్రెయిల్ చలికాలంలో సరిగ్గా మంచుచరియ జారే పాయలోకి తీసుకెళ్తుంది. ట్రెయిల్ వేసినవాళ్లు ఎండాకాలాన్ని చూసి వేశారు. మీకు దారి బాగా తెలుసు అనుకోవడమే ఇక్కడ మిమ్మల్ని మోసం చేస్తుంది.

రెండోది, 5కి 3. ఇది పరీక్షలో మార్కులు కాదు. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి వెళ్లేకొద్దీ ప్రమాదం ఒక మెట్టు పెరగదు, రెట్టింపో అంతకన్నా ఎక్కువో అవుతుంది. మూడో స్థాయికి అర్థం ఏమిటంటే, ఏటవాలు మీద మనిషి కాలు పెడితే మంచు విడిపోయే అవకాశం బాగా ఉంది అని. నాలుగు, ఐదు ఉన్నప్పుడు జనం ఇళ్లలో ఉంటారు. ఎక్కువ మంది చనిపోయేది మూడు ఉన్న రోజునే, మీలాగే "సగమే కదా" అనుకొని. మీ ప్రాంతానికి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజూ ఇచ్చే ఫోర్‌కాస్ట్‌లో ఆ అంకె ఒక్కటే చూసి ఆపేయకండి, కింద ఏ దిక్కు వాలులు, ఎంత ఎత్తులో, ఏ రకం మంచు సమస్య అని బొమ్మతో సహా ఉంటుంది. అసలు సరుకు అక్కడుంది.

మూడోది పద్నాలుగు మంది. నాకు మంచు కన్నా ఇదే ఎక్కువ టెన్షన్. 2012 ఫిబ్రవరి 19న మీకు గంటన్నర దూరంలో, స్టీవెన్స్ పాస్ వెనక టనెల్ క్రీక్‌లో పదిహేను మందికి పైగా స్కీయర్లు ఒకే బృందంగా దిగారు. ఆ కొండని రోజూ చూసేవాళ్లు, ఆ రంగంలో పేరున్నవాళ్లు. ముగ్గురు చనిపోయారు. తర్వాత మాట్లాడినవాళ్లలో చాలామంది ఒకే మాట చెప్పారు: ఇంత మంది వద్దని, ఇవాళ ఇది సరైన నిర్ణయం కాదని లోపల అనిపించింది, కానీ ఇంతమంది నిపుణులు ఉన్నారు కదా, ఎవరో ఒకరు ఆలోచించే ఉంటారులే అని ఊరుకున్నారు. అమెరికన్లకే, ముఖం మీద మాట చెప్పే అలవాటున్నవాళ్లకే అలా అయితే, మన సంగతి చెప్పండి. మన గ్రూపుల్లో ఒక అన్న ఉంటాడు. కారు బుక్ చేసింది ఆయన, పులిహోర కట్టించుకొచ్చింది వదిన, ఇంతదాకా వచ్చాక "అన్నా, నాకెందుకో ఈ వాలు నచ్చట్లేదు" అనడానికి నోరు రాదు. దాన్ని మనం మర్యాద అనుకుంటాం. పెళ్లిలో ఇంకో గరిటె వేయించుకోవడానికి పనికొచ్చే మొహమాటం మంచు వాలు మీద పనికిరాదు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకోండి. కారు దిగక ముందే, అందరూ వినేలా, "ఎవరు వద్దన్నా వెనక్కి వచ్చేస్తాం, ఎందుకని అడగం" అని అన్నే చెప్పాలి. చిన్నవాళ్లు చెప్తే చెల్లదు, పెద్దాయన నోటి నుంచే రావాలి. నిర్ణయం అడిగేటప్పుడు అందరికన్నా అనుభవం తక్కువున్నవాళ్లని ముందు అడగండి, అన్న చివర్న మాట్లాడాలి, ఎందుకంటే ఆయన ముందు మాట్లాడితే ఇంకెవరూ మాట్లాడరు. నలుగురైదుగురు మించకుండా విడిపోండి.

ఈ శనివారానికి పైన ఏ ఏటవాలూ లేని చదునైన చోటు చూసుకోండి. కాల్‌టోపో అనే ఆన్‌లైన్ మ్యాపులో వాలుని రంగుల్లో చూపించే పొర ఒకటి ఉంటుంది, 30 డిగ్రీలు దాటిన చోట్లన్నీ రంగు మారి కనిపిస్తాయి. మీ దారి ఆ రంగులో లేకపోవడమే కాదు, ఆ రంగు కింద కూడా ఉండకూడదు. పిల్లలకి కావాల్సింది మంచులో దొర్లడం, దానికి చదును చాలు.

మీరు ఎండాకాలంలో ఐరన్ గోట్ ట్రెయిల్‌కి వెళ్లే ఉంటారు, పాత రైలు దారి. ఆ చివర్న వెల్లింగ్టన్ అనే చోట 1910 మార్చి 1న మంచులో చిక్కుకొని రోజుల తరబడి ఆగిపోయిన రైళ్ల మీద పై వాలు మంచు జారి 96 మంది పోయారు, అమెరికాలో ఇప్పటిదాకా అంతమందిని బలి తీసుకున్న మంచుచరియ ఇంకోటి లేదు. ఈసారి వెళ్లినప్పుడు పైకి చూసి ఆ వాలు ఎంతో ఫోన్‌తో కొలిచి చూడండి.

ప్రశ్న: మంచు అంతా ఒకటే కదా, అందులో పొరలేమిటి? బలహీనమైన పొర ఎలా పుడుతుంది?
– డిగ్రీ ఫిజిక్స్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ ప్రశ్నకి ఆత్రేయపురం పూతరేకు ఒకటి చేతిలో పెట్టుకొని జవాబు చెప్పొచ్చు. రేకు మీద రేకు, మధ్యలో పంచదార పొడి. రేకులు నెయ్యితో తడిసి అతుక్కున్న చోట గట్టిగా ఉంటుంది, పొడి ఎక్కువైన చోట పై రేకు జారిపోతుంది. కొండ మీద మంచూ అంతే, ఒక్కో తుఫానుకి ఒక్కో రేకు. మధ్యలో ఎండ కాస్తే పైన గట్టి పెచ్చు కడుతుంది, గాలి కొడితే పలకలా బిగుస్తుంది.

పంచదార ఎలా వస్తుందంటే: శీతాకాలం మొదట్లో మంచు పల్చగా పడి, ఆ తర్వాత చాలా రోజులు ఆకాశం తేటగా ఉండి రాత్రుళ్లు వణికించే చలి పెట్టిందనుకోండి. నేల దగ్గర మంచు దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పై భాగం మైనస్ పదిహేనో ఇరవయ్యో ఉంటుంది. మంచు పల్చగా ఉంది కాబట్టి కొద్ది లోతులోనే అంత తేడా. పది సెంటీమీటర్లకి ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉంటే, కింది వెచ్చటి చోటు నుంచి నీటి ఆవిరి పైకి కదులుతూ పై గింజల మీద మళ్లీ గడ్డకడుతుంది. మామూలుగా ఒకదానితో ఒకటి అతుక్కోవాల్సిన గుండ్రటి గింజలు, ఇలా పెరిగేసరికి మూలలు తేలిన పలుకులవుతాయి. పిడికిట్లోకి తీసుకొని నొక్కితే ఉండ కట్టదు, బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. చేత్తో ఒక్కసారి పట్టుకుంటే జీవితంలో మర్చిపోరు. ఈ రవ్వ మీద జనవరిలో రెండడుగుల మంచు పడి పలకలా బిగిస్తే, ఆ పలకని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. మనిషి బరువుకి ఒకచోట రవ్వ కూలుతుంది, ఆ కూలడం పక్కకి పాకి, వాలంతా ఒకేసారి తెగుతుంది. అందుకే ఒక్కోసారి కింద చదునులో నడుస్తున్నవాడి కాలికి పైన వాలు విడిపోతుంది. ఇలాంటి పొర వారాలు, నెలలు కూడా అలాగే ఉండిపోవచ్చు.

రాత్రి తేటగా, గాలి లేకుండా ఉంటే మంచు పైన ఈకల్లాంటి మెరిసే పలుకులు మొలుస్తాయి. చూడ్డానికి అంత అందమైనది ఇంకోటి ఉండదు. అవి చెదరకుండా వాటి మీద మళ్లీ మంచు పడితే, అదే తర్వాతి బలహీనమైన పొర.

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఏడాది నుంచి రిసార్ట్‌లో కాకుండా బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అని ఎవరూ లేని కొండల్లోకి వెళ్తున్నాడు. వద్దంటే కోప్పడుతున్నాడు, ఊరుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. వాడితో ఏం మాట్లాడాలో చెప్పండి.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. మీ దగ్గర దాచకుండా చెప్తాను. రిసార్ట్ లోపల స్కీ ప్యాట్రోల్ (వాలుల కాపలా) వాళ్లు తెల్లవారుజామున బాంబులు పేల్చి వాలుల్ని ముందే దులిపేస్తారు, బయట ఆ పని చేసేవాళ్లెవరూ ఉండరు. పైగా అమెరికాలో మంచుచరియల మరణాలు చాలా ఏళ్లు కొలరాడోలోనే ఎక్కువ. తిరుపతి అమ్మాయికి చెప్పిన రవ్వ పొర అక్కడి మంచుకి పుట్టుకతో వచ్చిన జబ్బు, పల్చటి మంచు, పొడి చలి. అదే సమయంలో, వేల మంది అక్కడ ఏళ్ల తరబడి క్షేమంగా తిరుగుతున్నారు, వాళ్లు తిరగగలిగేది రోజూ మంచుని చదివి, బాగాలేని రోజు చిన్న వాలులతో సరిపెట్టుకోవడం వల్ల. మీ అబ్బాయి ఆ రకమా కాదా అన్నది మీరు తెలుసుకోవాలి, అది ప్రశ్నలతో తెలుస్తుంది.

"జాగ్రత్త నాన్నా" అంటే "సరేలే అమ్మా" అని ఫోన్ పెట్టేస్తాడు. దాని బదులు ఇలా అడగండి. ఇవాళ కొలరాడో అవలాంచ్ సెంటర్ వాళ్ల స్థాయి ఎంత, సమస్య ఏ దిక్కు వాలుల మీద? నీతో ఎవరు వస్తున్నారు, నువ్వు కూరుకుపోతే నిన్ను తవ్వి తీయడం వాళ్లకి వచ్చా? బీకన్ (కూరుకుపోయినవాణ్ని వెతికే చిన్న రేడియో), ప్రోబ్ (మంచులో పొడిచి చూసే కడ్డీ), పార మీ అందరికీ ఉన్నాయా? ఎన్నింటికి కారు దగ్గరికి వస్తావు, ఆ టైముకి ఫోన్ రాకపోతే అక్కడ ఎవరికి చెప్పాలి? ఇవి తెలిసిన మనిషి అడిగే ప్రశ్నలు, కోప్పడడు, ఆశ్చర్యపోతాడు. చలికాలంలో అక్కడ పొద్దున ఆరు అంటే మీకు సాయంత్రం ఆరున్నర, వాడు బయల్దేరే ముందు మాట్లాడటానికి మీకు సరైన సమయం. జవాబులు టకటకా వస్తే మీకు కొంచెం నిద్ర పడుతుంది. నీళ్లు నమిలితే, "అవలాంచ్ లెవల్ 1 అని మూడు రోజుల కోర్సు ఉందట, అది చేసే దాకా రిసార్ట్ లోపలే స్కీయింగ్ చెయ్యి, కోర్సు ఫీజు నీ పుట్టినరోజుకి నేనిస్తాను" అనండి. వద్దనడం కన్నా ఇది వింటాడు. ఒంటరిగా వెళ్తున్నాడని తెలిస్తే మాత్రం గట్టిగానే పట్టుబట్టండి, ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: నేను సైన్యంలో చేసి 1996లో రిటైరయ్యాను, సియాచిన్‌లో ఉన్నాను. మేం నడుముకి ఎర్ర తాడు కట్టుకొని వెనక ఈడ్చుకుంటూ, మనిషికి మనిషికి దూరం పెట్టుకొని, తెల్లవారక ముందే నడిచేవాళ్లం. ఇప్పుడు మా మనవడు గుల్మార్గ్‌లో పై వాలుల్లో స్కీయింగ్‌కి వెళ్తూ, తాడు కాలం పోయింది తాతా అంటున్నాడు. నిజమేనా?
– మాజీ సైనికుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సార్, తాడు కాలం పోయింది, మీ మనవడు చెప్పింది నిజం. మిగతా రెండూ, అంటే దూరం పెట్టుకోవడం, ఎండ తగలక ముందే దాటేయడం, ఇప్పటికీ కోర్సుల్లో నేర్పేది అదే. ఒక వాలు మీద ఒకేసారి ఒక్కరే ఉండాలి, మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి కళ్లార్పకుండా ఆ ఒక్కరినీ చూడాలి. మీ మనవడికి ఈ రెండు విషయాలు చెప్పే అర్హత మీకున్నంతగా నాకు లేదు.

ఎర్ర తాడు తేలిగ్గా ఉంటుంది కాబట్టి పైన తేలుతుంది, దాన్ని పట్టుకొని తవ్వుకుంటూ పోతే మనిషి దొరుకుతాడు అన్నది ఆలోచన. మంచు పొర్లినప్పుడు తాడు కూడా చాలాసార్లు మనిషితోపాటే కూరుకుపోయేది. దాని బదులు వచ్చింది బీకన్. ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో, ప్రపంచంలో ఎక్కడ కొన్నా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది, కాబట్టి మనవడి బీకన్‌ని పక్కనున్న విదేశీయుడి బీకన్ కూడా వెతికి పట్టుకుంటుంది. నడిచేటప్పుడు అందరివీ పంపే మోడ్‌లో ఉంటాయి. ఎవరైనా కూరుకుపోతే మిగతా అందరూ వెతికే మోడ్‌కి మార్చి, బాణం గుర్తు, దూరం చూసుకుంటూ వెళ్తారు. దగ్గరికొచ్చాక మంచు మీదికి వంగి, బీకన్‌ని నేలకి ఆనించినట్టు అడ్డంగా, నిలువుగా జరిపి అంకె అతి తక్కువ ఉన్న చోట ప్రోబ్ అనే మడత కడ్డీతో పొడుస్తారు. మనిషి తగిలితే కడ్డీ చేతికి మెత్తగా తెలుస్తుంది, నేలలా టక్కున ఆగదు. అక్కడ కడ్డీని తీయకుండా వదిలేసి, దానికి కింది వైపు నుంచి తవ్వాలి, నెత్తి మీద నుంచి కాదు. పార లోహానిదే కావాలి, ఎందుకంటే ఆగిన మంచుచరియ పొడి మంచులా ఉండదు, క్షణాల్లో సిమెంటులా బిగుసుకుపోతుంది. ఒక్క ఘనపు మీటరు కొన్ని వందల కిలోలు.

ఇదంతా పది నిమిషాల పని అయ్యుండాలి. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని మొదటి పది నిమిషాల్లో తీస్తే దాదాపు పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు, అరగంట అయ్యేసరికి ముగ్గురు. ఎక్కువ మంది ఊపిరి ఆడకే పోతారు, చలికి కాదు. హెలికాప్టర్, పోలీసులు, సైన్యం వీళ్లెవరూ ఆ పది నిమిషాల్లోకి రారు, వచ్చేది పక్కనున్నవాడే. అందరూ సాయం కోసం కిందికి పరిగెత్తకూడదు, మనుషులు చాలినంత ఉంటే ఒకరు ఫోన్ చేయాలి, మిగతావాళ్లు వెతకాలి.

మీరు సియాచిన్ అన్నారు కాబట్టి 2016 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద, 19,600 అడుగుల దగ్గర, మంచు గోడ కూలి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పది మంది కూరుకుపోయారు, మన కర్నూలు జిల్లా అబ్బాయి కూడా వాళ్లలో ఒకడు. ఆరో రోజు తవ్వితే హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికాడు, దేశమంతా దణ్ణం పెట్టుకుంది, 11న ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. ఆయన అన్ని రోజులు ఉండగలిగింది గుడారంలో గాలి చిక్కుకోవడం వల్ల. మాణాలో కూడా కొంతమంది బతికింది ఇనప కంటైనర్లలో ఉండటం వల్లే. వాలు మీద స్కీయింగ్ చేసేవాడికి గుడారం ఉండదు, ముఖం ముందు ఎంత ఖాళీ ఉంటే అంతే. అందుకే పడిపోతుంటే పక్కకి తప్పుకోవడానికి పోరాడాలి, వేగం తగ్గుతోందని తెలియగానే రెండు చేతులూ ముఖం ముందుకి తెచ్చుకోవాలి అని నేర్పుతారు.

గుల్మార్గ్‌లో గొండోలా (రోప్‌వే) దిగాక ప్యాట్రోల్ వాళ్లు తెరిచిన వాలులు వేరు, ఆ హద్దు దాటాక ఉన్నవి వేరు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వైపు ఇద్దరు పోలండ్ వాళ్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ పోయారు. మనవడిని హద్దు దాటతావా అని నేరుగా అడగండి. దాటతానంటే బీకన్, ప్రోబ్, పార మూడూ వాడి దగ్గరే కాదు, వాడి పక్కవాడి దగ్గర కూడా ఉండాలి. వాడి దగ్గరున్న పార వాడిని తవ్వదు కదా సార్.

ప్రశ్న: బీకన్ కొనాలా, అద్దెకి తీసుకోవచ్చా? జాకెట్‌లో రెకో చిప్ ఉంది, అది చాలదా? ఫోన్ పక్కన పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సాల్ట్ లేక్ సిటీ

జవాబు: రెకో చాలదు. అది దానంతట అది ఏ సంకేతమూ పంపదు, వెతికే యంత్రం ఉన్న రెస్క్యూ వాళ్లు వస్తేనే పనికొస్తుంది, వాళ్లు పది నిమిషాల్లో రారు. బీకన్ అద్దెకి దొరుకుతుంది, మొదటి ఏడాది అద్దె మంచిదే, మూడు యాంటెనాలున్నదే తీసుకోండి. ఫోన్, స్మార్ట్ వాచ్, చేతి వెచ్చదనానికి పెట్టుకునే బ్యాటరీ గ్లౌజులు, ఇవన్నీ బీకన్‌ని తికమక పెడతాయి. నడిచేటప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉండాలి. ఫోన్ ప్యాంటు జేబులో, బీకన్ ఛాతీ మీద, జాకెట్ లోపల. బయల్దేరే ముందు కారు పార్కింగ్‌లో ఒకరు నిలబడి మిగతావాళ్లని ఒక్కొక్కరిగా ముందు నుంచి నడిపించి అందరి బీకన్లూ పంపుతున్నాయా, తర్వాత అందరివీ వెతకగలుగుతున్నాయా అని చూడాలి, రోజూ చూడాలి. బ్యాటరీలు ఆల్కలైన్ వాడమని చాలా కంపెనీలు చెప్తాయి, మీ దాని పుస్తకంలో ఏముందో అదే వాడండి. సీజన్ అయ్యాక తీసి విడిగా పెట్టండి, లోపలే కారి కనెక్షన్లు తుప్పు పట్టిన బీకన్లు నేను మూడు చూశాను.